పచ్చనిదంతా మేత కాదు

తొలకరి పడింది. బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి చుట్టూ కుంటల శికం భూముల్లో గరిక లేచింది. ఎండాకాలమంతా చొప్ప నమిలి విసిగిపోయిన బర్రెలు, ఆవులు ఆ పచ్చదనం కనబడగానే పలుపు తెంచుకుంటున్నాయి. చెప్పాల్సింది ముందే చెబుతున్నాం: వదలకండి. ఫ్యాక్టరీల దిగువనున్న వాగు గట్ల మీద, కుంట శికాల్లో, ప్రహరీగోడల వెంబడి మొలిచిన గడ్డిని ఈ వానాకాలం పశువుకు పెట్టకండి. ఆ కుంటల నీళ్లు తాపకండి. ఆ నీళ్లు తోడి పెంచిన గడ్డి మోపు అగ్గువకు వచ్చినా కొనకండి. పట్నపు ఇళ్లవాళ్లకూ ఇదే మాట. ‘ఆరుబయట మేసిన ఆవు పాలు’ అంటూ ఈ చుట్టుపక్కల నుంచి వచ్చే సీసాను, ఏ నీళ్లు తాగిన ఆవో అడగకుండా పిల్లల గ్లాసులో వంచకండి.

ఇప్పుడే ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నామంటే, రెండు సంగతులు ఒక్కచోట కలిశాయి.

ఒకటి వాన. ఎండాకాలమంతా నేల మీద పేరుకున్న దుమ్మూ ధూళీ, కాలువల్లో గడ్డకట్టిన బురదా మొదటి వానలకే కదిలి కుంటల్లోకి చేరతాయి. వాన చాటున ట్యాంకుల మూతలు తెరుస్తారని ఈ ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటూనే ఉన్నారు. 2017 అక్టోబరులో అమీన్‌పూర్ మండలం గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుకుప్పలుగా చచ్చి తేలిన దృశ్యం ఇక్కడివాళ్లు మరిచిపోలేదు. చేప చస్తే నీటి మీద తేలుతుంది, లోకానికి తెలుస్తుంది. అదే నీళ్లు తాగిన బర్రె సాయంత్రం మామూలుగానే ఇంటికొస్తుంది, మామూలుగానే చేపుతుంది.

రెండోది బజారు. మియాపూర్, బాచుపల్లి, బీరంగూడ, అమీన్‌పూర్ వైపు అపార్ట్‌మెంట్లు లేచాయి. ప్యాకెట్ పాల మీద నమ్మకం సడలిన కుటుంబాలు లీటరుకు రెట్టింపు ధర పెట్టి నాటు ఆవు పాలు, సేంద్రియ పాలు, గడ్డి మేసిన ఆవు పాలు వెతుక్కుంటున్నాయి. కోరిక మంచిదే. కొట్టంలో కట్టేసి దాణా కుక్కిన పశువు కంటే తిరిగి మేసే పశువు ఆరోగ్యంగా ఉంటుందన్న మాటలోనూ అబద్ధం లేదు. కానీ ఆ మాట నిజం కావడానికి ఒక షరతుంది: మేసే నేల శుభ్రంగా ఉండాలి. తెల్లనివన్నీ పాలు కావని మన పెద్దలు ఎప్పుడో చెప్పారు. పచ్చనిదంతా మేత కాదని ఈ నేల మీద నిలబడి మనం చెప్పుకోవలసి వస్తోంది.

రాష్ట్రపతి నిలయం ఉన్న సికింద్రాబాద్ బొల్లారం గురించి కాదు ఈ మాటలు. ఇది సంగారెడ్డి జిల్లా బొల్లారం, పారిశ్రామికవాడ బొల్లారం. అప్పుడు ఇదంతా మెదక్ జిల్లా. అది వెనుకబడిన జిల్లా అని రాయితీలిచ్చి 1970ల నడుమ నుంచి పటాన్‌చెరుకు, తర్వాత బొల్లారం, కాజీపల్లి, పాశమైలారాలకు పరిశ్రమలను పిలిచారు. మందుల ముడిసరుకు చేసే బల్క్ డ్రగ్ యూనిట్లు, రసాయనాలు, రంగులు, లోహాల కర్మాగారాలు వచ్చాయి. ఉద్యోగాలూ వచ్చాయి, కాదనలేం. వాటి మురుగు ఇసకవాగులో, నక్కవాగులో పడి మంజీర దారి పట్టింది. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ అల్లాని కిషన్ రావు తన దగ్గరికొచ్చే రోగాలకు మూలం వాగులో ఉందని పసిగట్టి వీధికెక్కారు. 1990లో సుప్రీంకోర్టులో పడిన వ్యాజ్యం అక్కడి నుంచి హైకోర్టుకూ, హరిత ట్రిబ్యునల్‌కూ నడిచి ఒక తరం వయసును మింగింది. 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేస్తే, పటాన్‌చెరు–బొల్లారానికి 70.07 పడ్డాయి. ఇవి ఎక్కువ వస్తే సంబరపడే మార్కులు కావు. 70 దాటితే ‘తీవ్ర కలుషిత ప్రాంతం’ అని అర్థం.

పశువు మేతకూ దీనికీ ఉన్న లంకెను ఎవరో ఊహించి చెప్పడం లేదు. పటాన్‌చెరు పారిశ్రామికవాడ మట్టిలో భారలోహాలు మోతాదు మించి ఉన్నాయని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు 2001లోనే రాశారు. 2003లో హైదరాబాద్ శాస్త్రవేత్తలు ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఆర్సెనిక్ నడిచిన దారిని వెతుక్కుంటూ వెళ్లారు. నేల, నీళ్లు, పశువుల గడ్డి, పాలు, ఆకుకూరలు, చివరికి మనుషుల జుట్టూ గోళ్లూ పరీక్షించారు. దాని మూలాల్లో ఒకటిగా తేలింది ఏమిటో తెలుసా? పశువుల మందు కోసం తయారుచేసే ఆర్సనిలిక్ ఆమ్లం తాలూకు వ్యర్థం. ఎక్కడో ఒక పశువుకు మందు చేయబోయి, ఇక్కడి పశువు మేతను పాడుచేశారు.

2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోవాకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికి వదిలే నీటిని పరీక్షించింది. ‘శుద్ధి’ అయిన ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. తర్వాతి పరిశోధనల్లో చుట్టుపక్కల చెరువుల్లో, ఊళ్ల బావుల్లోనూ మందుల ఆనవాళ్లు దొరికాయి. కాజీపల్లి చెరువు బురదలో యాంటీబయాటిక్‌లకు లొంగని సూక్ష్మజీవుల జన్యువులు ఎన్ని రకాలున్నాయో 2014లో ఒక అంతర్జాతీయ శాస్త్ర పత్రికలో అచ్చయింది. వ్యర్థజలంలో ఈ మందులు ఇంత మోతాదుకు మించి ఉండకూడదని 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ హద్దులు అందులో లేవు.

ఈ లెక్కలన్నీ పాడి రైతుకు ఎందుకని అడగొచ్చు. ఆవు ఎలా మేస్తుందో తెలిసినవాళ్లకు ఆ ప్రశ్న రాదు.

400 కిలోల ఆవు రోజుకు తేమ తీసేసి లెక్కిస్తే 10 నుంచి 12 కిలోల మేత తింటుంది. లీటరు పాలకు నాలుగైదు లీటర్ల నీళ్లు తాగుతుంది. అంటే ఊళ్లోని ఏ మనిషి కంటే కూడా ఆ ఊరి నేలనూ నీటినీ ఎక్కువగా లోపలికి తీసుకునే ప్రాణి ఆవే. పైగా కత్తిరించి వేసిన గడ్డి తినడం వేరు, మేయడం వేరు. మేసే పశువు నాలుకతో గడ్డిని చుట్టి లాగుతుంది, వేరుతోపాటు మట్టీ వస్తుంది. గడ్డి పొట్టిగా, పలచగా ఉన్న రోజుల్లో అది తినేదాంట్లో పదోవంతు దాకా మట్టే ఉండొచ్చు. తొలకరి గడ్డి సరిగ్గా అలాంటిదే: రెండంగుళాల పచ్చిక, దాని మొదట్లో బురద చింది ఉంటుంది. సీసం లాంటి లోహాలు గడ్డి ఆకులోకి ఎక్కేది కొద్దిగానే అయినా మట్టిలో బోలెడంత ఉంటాయి. కాబట్టి శుభ్రమైన నేల మీద వరమైన ఆరుబయటి మేపు, పాడైన నేల మీద శాపమవుతుంది. సేంద్రియ పాడికి ప్రాణమైన పద్ధతే ఇక్కడ ప్రమాదానికి దగ్గరి దారి.

పశువుకు తెలివి లేదా, వాసన చూడదా అంటారు. చూస్తుంది. ఉమ్మెత్తను వదిలేస్తుంది, పేడ పడ్డ చోట మూతి పెట్టదు. కానీ సీసానికి వాసన లేదు, ఆర్సెనిక్‌కు రుచి లేదు. ఇంకో చిక్కుంది. రసాయన వ్యర్థజలం ఎక్కువగా ఉప్పగా ఉంటుంది. అది ఎండిన చోట నేల తెల్లగా పొక్కుతుంది. దాణాలో ఉప్పు, ఖనిజ లవణాలు అందని పశువు ఆ తెల్ల పొక్కును వెతుక్కుని మరీ నాకుతుంది. మనం కొట్టంలో ఉప్పు పెట్టకపోతే అది వాగు గట్టున పెట్టుకుంటుంది.

కంటికి ఇంపైన పచ్చదనమూ మోసమే. నత్రజని ఎక్కువున్న మురుగు మీద పెరిగిన గడ్డి నిగనిగలాడుతూ ముదురాకుపచ్చగా, ఏపుగా ఉంటుంది. ఆ నిగనిగలో నైట్రేట్ పేరుకుని ఉంటే, ఖాళీ కడుపుతో దాని మీద పడిన పశువు రక్తం గోధుమరంగుకు తిరిగి గంటల్లో కూలిపోవచ్చు. జొన్న మోళ్ల నుంచి లేచే నాము ఎంత లేతగా ఉంటే అంత విషమని మన తాతలకు తెలుసు. నాము మొలిచిన చేను దగ్గరికి పశువును పోనిచ్చేవాళ్లు కాదు. ఆ విషానికి ఒక పేరుంది, ఒక గుర్తుంది, ఒక కాలముంది. ఈ కొత్త విషాలకు ఊళ్లో పేరు లేదు. పేరు లేనిదాన్ని పిల్లలకు చెప్పడం కుదరదు. అందుకే మూడు తరాల అనుభవమున్న కాపరి కూడా వీటి ముందు కొత్తవాడే.

ఇక పాల సంగతి. ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. పశువు తిన్న ప్రతి విషమూ పాలలోకి రాదు. కాడ్మియం లాంటి లోహాన్ని ఆవు తన మూత్రపిండాల్లో, కాలేయంలో దాచుకుంటుంది, పాలలోకి వదిలేది బహు తక్కువ. ఆ మేరకు ఆవు మనకు జల్లెడ, జల్లెడ పాడయ్యేది మాత్రం దాని ఒంట్లోనే. సీసం అలా కాదు. అది సున్నం వేషంలో ఎముకల్లో చేరుతుంది. ఈనిన తర్వాత పాల కోసం ఎముకల నుంచి సున్నం కరిగినప్పుడు దాంతో అదీ కదులుతుంది. కొవ్వులో కరిగే రసాయనాలు వెన్న దారిన వస్తాయి. పాలలో సీసం కిలోకు 0.02 మిల్లీగ్రాములు మించకూడదని దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ హద్దు పెట్టింది. అంత చిన్న హద్దు ఎందుకంటే, పాలు తాగేది ఎక్కువగా పిల్లలు, సీసం దెబ్బతీసేది ఎదిగే మెదడును. బొల్లారం పాలన్నీ విషమని మేం అనడం లేదు. బొల్లారం పాలలో ఏముందో చూసే పరీక్ష రోజూ పాలు పోసే ఏ కేంద్రంలోనూ కనబడదని మాత్రం అంటున్నాం. అక్కడ చూసేది వెన్న, ఘనపదార్థాలు, కలిపిన నీళ్లు. ల్యాక్టోమీటరు సీసాన్ని చూడలేదు.

‘కాచుకుని తాగుతాం కదా’ అన్నది మన ఇళ్లలో తరతరాల ధీమా. కాచడం మంచిదే, తప్పక కాచాలి. పొంగు వస్తే సూక్ష్మజీవులు చస్తాయి. మందులకు లొంగని సూక్ష్మజీవులు తిరిగే ఇలాంటి చోట గుమ్మపాలు ఆరోగ్యమని పచ్చిగా తాగించడం పాత ముచ్చట తీర్చుకోవడానికి కొత్త రోగం కొనుక్కోవడం. కానీ పొంగు సీసాన్ని చంపదు, ఆర్సెనిక్‌ను చంపదు. బూజు విషాన్నీ చంపదు.

బూజు సంగతి వేరుగా చెప్పుకోవాలి, ఎందుకంటే దీనికి ఫ్యాక్టరీల మీద నెపం పెట్టలేం. తడిసిన చొప్పకు, మక్కలకు, పత్తి చెక్కకు, పల్లి చెక్కకు పట్టే బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. పశువు తిన్న ఒకటి రెండు రోజుల్లోనే దాని రూపం పాలలో తేలుతుంది. 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలను పరీక్షించి 2019లో ఆహార భద్రతా సంస్థ వెల్లడించిన లెక్కల్లో, కల్తీ దొరికినవి 12. అఫ్లాటాక్సిన్ హద్దు దాటినవి 368. మనం నీళ్లు కలిపినవాడి కోసం వెతుకుతున్నాం, గండం గడ్డివామిలో కూర్చుంది. సేంద్రియ దాణాకైనా బూజు పడుతుంది. వానాకాలం ఇంకా తొందరగా పడుతుంది. అదృష్టవశాత్తూ మేత మార్చిన మూడు నాలుగు రోజుల్లో పాలు తేటపడతాయి. సీసానికి అంత దయ లేదు.

ఇక ‘సేంద్రియ’ అన్న మాట దగ్గరికి వద్దాం. ఆ మాట రైతు తన చేతులతో ఏమి వేయలేదో చెబుతుంది. యూరియా వేయలేదు, పురుగుమందు కొట్టలేదు, పాలు చేపడానికి సూది వేయలేదు. వాగు ఏమి తెచ్చి వేసిందో, బోరు ఏమి తోడి పోసిందో, గాలి ఏమి రాల్చిందో ఆ మాట ఒక్కటే చెప్పలేదు. జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం కింద భూమి మారడానికి రెండేళ్లు, మూడేళ్లు గడువు పెడతారు. ఆ గడువు ఎరువుల అలవాటు మాన్పించడానికి సరిపోతుంది. లోహానికి గడువు ఉండదు. అది కుళ్లదు, ఆవిరి కాదు, మూడేళ్లయినా ముప్పై ఏళ్లయినా నేలలోనే ఉంటుంది. మరి భూసార పరీక్ష చేయించాం, కార్డు ఉంది అంటారా? 2015 నుంచి ఇస్తున్న ఆ కార్డులో 12 అంశాలుంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం. పన్నెండింటిలో సీసం లేదు, ఆర్సెనిక్ లేదు. పైరుకు ఏం కావాలో ఆ కార్డు చెబుతుంది, పశువుకు ఏం తగులుతుందో చెప్పదు. సీసా మీది మిగతా అక్షరాల సంగతి సరేసరి. ఆవు జాతిని బట్టి వేసే ‘ఏ2’ అన్న ముద్ర తీసేయమని 2024 ఆగస్టులో ఆహార భద్రతా సంస్థ ఆదేశించి, వారం తిరక్కుండానే ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది. ఆవు జాతి మీద అంత రగడ జరిగింది గానీ, ఆ ఆవు ఏ కుంట నీళ్లు తాగిందన్న ప్రశ్న ఎవరికీ రాలేదు.

పారిశ్రామికవాడ పక్కన ఆవు మేస్తే ఏమవుతుందో లోకం ఇదివరకే చూసింది. నెదర్లాండ్స్‌లో రోటర్‌డామ్ రేవు పక్కన లికెబార్ట్ అనే పచ్చిక ప్రాంతంలో మేసిన ఆవుల పాలలో 1989లో డయాక్సిన్లు బయటపడ్డాయి. చెత్త కాల్చే కొలిమి పొగ గడ్డి మీద రాలింది, అంతే. అక్కడి ప్రభుత్వం ఆ పాలను బజారుకు పోనివ్వలేదు, పాలలో డయాక్సిన్‌కు హద్దు పెట్టింది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో మురుగు శుద్ధి కేంద్రాల బురదను ఎరువని పొలాలకు చల్లారు. ఏళ్లు గడిచాక, 2016లో, అక్కడి ఒక పాడి క్షేత్రం పాలలో ఎన్నటికీ విరగని రసాయనాలు తేలాయి. ఆ రైతు చేసిన తప్పేమీ లేదు, ఎరువని ఇచ్చినదాన్ని వేసుకున్నాడు. 2022లో ఆ రాష్ట్రం బురద చల్లడాన్నే నిషేధించింది. రెండుచోట్లా తేడా తెచ్చింది ఒక్కటే: ఎవరో పాలను పరీక్షించారు, ఫలితాన్ని దాచలేదు.

మనం చేసిందేమిటి? పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నీళ్లు నక్కవాగులో పడుతున్నాయని గోల చేస్తే, 18 కిలోమీటర్ల పైపు వేసి నగరం మురుగులో కలిపి అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రం దారి పట్టించారు. అంబర్‌పేట దాటిన నీరు మూసీలో పడుతుంది. మూసీ దిగువ గట్ల మీద ఎకరాలకెకరాలు పెరిగేది ఏమిటి? పారాగడ్డి. ఆ గడ్డి ఎవరికి? హైదరాబాద్ బర్రెలకు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటారు. మన దగ్గర వాగును ఎటు మళ్లించినా అది చివరికి మేతలోనే తేలుతోంది.

పాడి రైతన్నలకు, అమ్మలకు. ఈ వానాకాలం చేయదగిన పనులు ఇవి.

పశువును ఈ నాలుగు నెలలు ఊరి పైభాగాన, ఫ్యాక్టరీ కాలువలు తగలని మెరకలో మేపండి. అలాంటి చోటు లేకపోతే కట్టేసి మేపండి. సేంద్రియ పాడికి ఇది చిన్నతనం కాదు, నేల చెడ్డచోట కొట్టమే పచ్చిక. ఆవుకు రోజుకు 20 నుంచి 25 కిలోల పచ్చిమేత, 5, 6 కిలోల ఎండుమేత కావాలి. పది గుంటల్లో సూపర్ నేపియర్ వేస్తే నాలుగు పశువులకు పచ్చిమేత గడుస్తుంది. దానికి అలసంద, పిల్లిపెసర జత చేస్తే దాణా ఖర్చూ తగ్గుతుంది. కానీ ఆ పది గుంటలకు పారే బోరు నీళ్లను ముందు పరీక్ష చేయించండి. గడ్డిని నేలకు ఆనించి కోయకండి, జానెడు మోడు వదిలి కోస్తే మట్టి రాదు. రోడ్డు పక్కదీ దుమ్ము పట్టిందీ కడగకుండా వేయకండి.

ఎండుమేత మన జిల్లాలోనే దొరుకుతుంది. జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు యాసంగి జొన్న చొప్ప తెప్పించుకోండి. నలుగురు కలిసి బండి మాట్లాడుకుంటే భారం తగ్గుతుంది. వచ్చిన చొప్పను నేల మీద కాకుండా కర్రల మీద వామి వేసి పైన పరదా కప్పండి. బూజు పట్టిన కట్టను ‘పశువే కదా’ అని వేయకండి, పేడ గుంతలో పడేయండి. బీరు ఫ్యాక్టరీల నుంచి వచ్చే తడి పొట్టు అగ్గువే, పాలూ పెంచుతుంది, కానీ మన ఉక్కలో అది రెండో రోజుకే పులిసి బూజు కడుతుంది. సేంద్రియమని అమ్ముకునేవాళ్లకు దాంతో పనే లేదు.

ప్రతి పశువుకూ రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం పెట్టండి, గాటి దగ్గర ఉప్పు గడ్డ వేలాడదీయండి. సున్నం, భాస్వరం తక్కువైన ఒంట్లోకి సీసం ఎక్కువగా ఇంకుతుంది. ఆ రెండూ నిండుగా ఉన్న పశువు మట్టి నాకదు, నాకినా అంత పట్టదు. ఇన్ని జాగ్రత్తల్లో ఇంత తక్కువ ఖర్చుతో అయ్యేది ఇంకోటి లేదు.

కొట్టంలోని నీలం డ్రమ్మును ఒకసారి చూడండి. మందుల ఫ్యాక్టరీల నుంచి తుక్కు దుకాణానికీ, అక్కడి నుంచి మన వాకిట్లోకీ వచ్చిన ఆ డ్రమ్ములోనే కుడితి కలుపుతున్నాం, నీళ్లు నింపుతున్నాం. అందులో ఇంతకుముందు ఏముందో దాని మీద రాసి ఉండదు. సబ్బుతో పది సార్లు కడిగినా ప్లాస్టిక్‌లో ఇంకింది పోదు. సిమెంటు తొట్టి కట్టుకోండి, లేదా కొత్త టబ్బు కొనండి.

దూడ గోడకు తల ఆనించి నిలబడ్డా, పళ్లు కొరికినా, గుండ్రంగా తిరిగినా, ఉన్నట్టుండి చూపు పోయినట్టు తడబడినా దిష్టి అనుకోకండి. సీసం తగిలిన లేగల తీరు అది. 1962కు ఫోన్ చేస్తే పశువైద్య వాహనం వస్తుంది. మేసిన చోటు, తాగిన నీళ్లు డాక్టరుకు దాచకుండా చెప్పండి.

కొనేవాళ్లకు ఒక మాట. పాలు పోసేవాళ్లను నిలదీయకండి, కలిసి నడవండి. సీసం, ఆర్సెనిక్ పరీక్షకు గుర్తింపు పొందిన ల్యాబుల్లో అయ్యే ఖర్చు నాలుగు బర్రెల రైతు మోయలేడు. మీ అపార్ట్‌మెంటులో ఆయన దగ్గర పాలు పోయించుకునే ఇళ్లన్నీ తలా కొంత వేసుకుంటే అది ఒక సినిమా టికెట్టు కాదు. ఏడాదికి రెండుసార్లు, వానల ముందూ వానల తర్వాతా, బోరు నీళ్లూ గడ్డీ పాలూ మూడూ చూపించండి. ఒక్క పాలే చూపిస్తే మూలం ఎక్కడుందో తెలియదు.

ప్రభుత్వానికి చెప్పాల్సింది సలహా కాదు, బాకీ. పారిశ్రామికవాడ చుట్టూ ఉన్న ప్రతి పాల శీతలీకరణ కేంద్రంలో మూడు నెలలకోసారి లోహాలకు, మందుల అవశేషాలకు, అఫ్లాటాక్సిన్‌కు నమూనాలు తీయాలి. ఫలితాలు పంచాయతీ, మున్సిపాలిటీ గోడల మీద తెలుగులో అంటించాలి. ఏ కుంట నీళ్లు పశువుకు పనికిరావో తేల్చి ఆ గట్టు మీదే బోర్డు పాతాలి. ఆ ఊళ్లలో పశువుల తొట్లకు మిషన్ భగీరథ నీళ్లు ఇవ్వాలి. కలుషితం చేసినవాడే ఖర్చు భరించాలన్నది మన న్యాయస్థానాలు ఎప్పుడో ఒప్పుకున్న సూత్రం. ఆ లెక్కన పారిశ్రామికవాడ డబ్బుతో ఇక్కడ ఒక మేత గోదాము పెట్టి చొప్పనూ పాతర గడ్డినీ రాయితీ మీద ఇవ్వాలి. సేంద్రియ ధ్రువపత్రాలు ఇచ్చేవాళ్లు ఈ ప్రాంతంలో నీరు, నేల పరీక్ష చూడకుండా సంతకం పెట్టకూడదు. నిపుణులు లేరని సాకు చెప్పే వీలూ లేదు. మెట్ట పంటల మీద, వాటి చొప్ప మీద ప్రపంచానికి పాఠం చెప్పే ఇక్రిశాట్ 1972 నుంచి ఇదే పటాన్‌చెరులో ఉంది.

ఇలా రాస్తే ఈ ఊళ్ల పాలు ఎవరూ కొనరు, బీదవాళ్ల పొట్ట కొట్టినట్టవుతుందని ఒక అభ్యంతరం వస్తుంది. రావాలి కూడా. కానీ పరీక్ష లేనంతకాలం పుకారే తీర్పు చెబుతుంది, శుభ్రమైన బోరున్న రైతూ, మురుగు పారే రైతూ ఒకే గాటన పడతారు. పరీక్ష ఉంటే బాగున్నవాడు తల ఎత్తుకుని అమ్ముకుంటాడు. బాగాలేనివాడికి మేత, నీళ్లు, నష్టపరిహారం అడిగే కాగితం చేతికొస్తుంది. ఇదే సంగారెడ్డి జిల్లా రెండో కొసన, పస్తాపూర్ చుట్టుపక్కల, చిన్న కమతాల మహిళలు జొన్న, సజ్జ, కంది కలిపి ఎరువుల్లేకుండా పండించి చూపించారు. వాళ్ల చొప్ప మేసిన పశువుకు ఏ ముద్రా అక్కర్లేదు. బొల్లారం రైతుకు తెలివి తక్కువై కాదు అలా చేయలేనిది, ఆయన కుంట ఆయన చేతిలో లేక.

ఒక్క సంగతి మరిచిపోవద్దు. పాలు పితికిన చెంబు నుంచి మొదటి గ్లాసు అపార్ట్‌మెంటుకు పోదు. కొట్టం పక్కనే ఉన్న ఇంట్లో, బడికి పోయే పిల్లకు పోస్తారు. ఈ విషయంలో అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ రెండు పక్షాలు కారు. రేపు పొద్దున పలుపు విప్పే ముందు ఆ పిల్ల గ్లాసును ఒకసారి తలుచుకోండి. పశువును కుంట దారి నుంచి మెరక దారికి మళ్లించడానికి వంద అడుగుల నడకే ఎక్కువ.